కదలని బండిలో భోజనం

వాడుక కోసం పుట్టిన వస్తువు వాడుక నుంచి తప్పుకొని వినోదానికి పనికివచ్చినప్పుడు, దాన్ని మనం కాపాడినట్టా, కాజేసినట్టా? ఇది అభిరుచికి సంబంధించిన ప్రశ్న అని పక్కకు నెట్టేవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఇది నీతికి సంబంధించిన ప్రశ్నగానే తోస్తుంది.

ఐరోపాలో రైళ్ళు రావడం మానేసిన స్టేషన్లు మద్యశాలలుగా, బ్రాసరీలుగా మారడం పాత సంగతే. (బ్రాసరీ అంటే ఫ్రెంచివారికి మొదట బీరు కాచే చోటు, తరువాత తాగుతూ తింటూ కూర్చునే చోటయింది.) పారిస్‌లో 1900లో కట్టిన ఓర్సే స్టేషను 1986లో చిత్రశాలగా తెరుచుకుంది, అందులోనూ భోజనశాల ఉంది. మన దగ్గర స్టేషన్లు ఇంకా స్టేషన్లుగానే ఉన్నాయి గాని, కాలం చెల్లిన రైలుపెట్టెలు భోజనశాలలయినాయి. కాచిగూడ స్టేషను ఆవరణలో 2023 ఫిబ్రవరిలో తెరిచినది అటువంటిదే. ఒక సెలవునాడు నాగారం నుంచి బయలుదేరి, మా కాలేజీ మిత్రునితో కలిసి అక్కడికి వెళ్ళాను. మద్యం ప్రసక్తి లేదు. తిండి బాగానే ఉంది. కిటికీ పక్కన కూర్చుని చాయ తాగుతుంటే బండి కదులుతుందేమోనన్న చిన్ననాటి ఆశ ఒకటి మనసులో మెదిలింది కూడాను. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను.

అయితే అక్కడ మనకు వడ్డించేది భోజనం ఒక్కటే కాదు, జ్ఞాపకం కూడా. ఎవరి జ్ఞాపకం? ఒకప్పుడు మన స్టేషన్లలో హిందువుల కొక ఫలహారశాల, ముసల్మానుల కొకటి, యూరోపియనుల కొకటి ఉండేవి. మంచినీళ్ళు సైతం హిందూ పానీ, ముసల్మాన్ పానీ అని కేక వేసి పోసేవారు. మూడో తరగతి ప్రయాణికుల అగచాట్లను గురించి గాంధీ 1917లోనే రాశాడు. ఆ తరగతి పేరు తీసివేయడానికి 1974 దాకా పట్టింది. ఈ జ్ఞాపకానికి గోడమీద పటం కట్టేవారు ఎవరు?

కాచిగూడ గుమ్మటాలను చూసి మురిసిపోని మనిషి ఉండడు. 1916 నాటి కట్టడం. కాని దాని వెనుక ఉన్న కంపెనీ సంగతి చూడండి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే పేరులోనే గుట్టంతా ఉంది. 1883లో లండనులో ఏర్పడిన ఆ కంపెనీ పెట్టుబడికి ఇరవై ఏళ్ళపాటు ఏటా 5 శాతం వడ్డీ దక్కేలా హైదరాబాదు ప్రభుత్వం హామీ ఇచ్చింది. బండి నిండినా, ఖాళీగా పోయినా వాటాదారుకు లోటు లేదు. లోటు వస్తే భరించేది ఖజానా; ఖజానా అంటే రైతు కట్టిన శిస్తే గదా! అదే సంవత్సరం చాందా రైలు పథకాన్ని ప్రశ్నించినందుకు అఘోరనాథ చట్టోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్ళగొట్టారు. ఆయన సరోజినీ నాయుడు తండ్రి అని చెబితే తప్ప మన విద్యార్థులు గుర్తుపట్టరు; ఇదీ మన చరిత్ర బోధన.

మా మిత్రుడు ఇంతవరకు విని, "అయితే ఇదంతా డబ్బున్నవాడి అలంకారమేనంటావు" అన్నాడు. నేను అట్లా అనను. సౌఖ్యాన్ని శత్రువుగా చూసే అభ్యుదయవాదం బీదవానికి ఏమీ మిగల్చదు. ఇనుము తుక్కుకు పోవడం కంటే నలుగురు కూర్చునే చోటు కావడం మేలే. మార్చకపోతే కూల్చడమే మిగులుతుంది: 2025లో సికింద్రాబాదు స్టేషను పాత ముఖద్వారాన్ని పడగొట్టడం మనందరం చూశాం.

నా పేచీ మరొకచోట ఉంది. పది రూపాయల ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొన్నవాడు రెండు గంటలు అక్కడ కూర్చోవచ్చు. ఏమీ తినకపోయినా ఎవరూ లేపరు. పొట్ట చేతపట్టుకుని వచ్చిన పాలమూరు కూలీ, ఆస్పత్రికి వచ్చిన ముసలమ్మ, ఉద్యోగ పరీక్షకు వచ్చిన కుర్రవాడు వీళ్ళందరికీ నగరంలో మొదటి ఆశ్రయం స్టేషను బల్లే. వేచి ఉండడం కూడా ఒక హక్కు అని మన తాత్వికులు ఎక్కడా రాసినట్టు లేదు, రాయవలసిన విషయం. రైలుపెట్టె భోజనశాల అయినప్పుడు పోయేది ఈ హక్కు. బయట సామాను పక్కన కూర్చున్న ఒక పెద్దాయనను, లోపలికి ఎప్పుడైనా వెళ్ళావా అని అడిగాను. "కదలని బండి మనకెందుకు సారూ?" అన్నాడు. ఆయనలో ఈర్ష్య కనబడలేదు. అది తన చోటు కాదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

రైల్వేవారు దీన్ని ఛార్జీయేతర ఆదాయం అంటారు. సరే, ఆదాయం రానివ్వండి. కాని లీజు పత్రంలో ఒక షరతు రాయడం అసాధ్యం కాదు: పెట్టెలో ఒక చివర నాలుగు సీట్లు, మంచినీళ్ళు, ఏమీ కొననివారికి. ఆ నాలుగు సీట్లకు తగ్గే అద్దె ఎంతో లెక్కవేసి చెప్పమనండి. 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ మా నాగారానికి దగ్గరే. అక్కడ రేపు ఎవరైనా ఇటువంటి పెట్టె పెడతామంటే, మా ఊరివాళ్ళం మొదట అడగవలసింది మెనూ కాదు, ఈ లెక్క.