మాండవ్య తీరమున ధర్మదేవత

మా రాయచోటి మాండవ్యనది యొడ్డున ఉన్నది. ఏడాదిలో పెక్కు నెలలు ఆ నదిలో నీరు కానరాదు. ఇసుక, రాళ్ళు, తుమ్మచెట్లు, వానలు కురిసిన నాల్గు దినములు ఎఱ్ఱని నీరు. మాండవ్య మహర్షి ఈ తావున తపస్సు చేసెనని పెద్దలు చెప్పుకొందురు. ఆ ఋషి కథ భారతము ఆదిపర్వములో కలదు. దానిని నలువది యేండ్లు పాఠశాలలో చెప్పితిని గాని, అది నాకు పట్టుబడినది ఈ రెండేండ్లలోనే.

మౌనవ్రతములోనున్న ముని ఆశ్రమములో దొంగలు సొమ్ము దాచిరి. రాజభటులు మునిని గూడ దొంగయని తలచి శూలముపై ఎక్కించిరి. పిదప ఆయన ధర్మదేవత కడకేగి, తానే పాపము చేసినందుకు ఈ ఫలమని అడిగెను. బాల్యమున ఎగిరెడి పురుగుల తోకలలో పుల్లలు గ్రుచ్చితివని ధర్ముడు చెప్పెను. (మా పల్లెలలో తూనీగ తోకకు దారము కట్టి ఎగురవేయని పిల్లవాడెవడు?) అంత చిన్న తప్పునకు ఇంత శిక్షయా యని ముని కోపించి, భూమిపై మానవుడవై పుట్టుమని ధర్ముని శపించెను, పదునాల్గేండ్లలోపు పిల్లలు చేసిన పని పాపము కాదని కట్టడి చేసెను. అట్లు పుట్టినవాడే విదురుడు.

రెండేండ్ల క్రిందట కార్తికమాసములో నా సహధర్మచారిణి పరమపదించినది. పదమూడవ దినమున శుభస్వీకారమైన పిదప బంధువులందరు ఎవరి ఊళ్ళకు వారు వెడలిరి. తిరువారాధనమునకు కూర్చుండి అలవాటు చొప్పున తులసికై చేయి చాపుచుంటిని. చేతిలో పెట్టువారు లేరు. ఆత్మ నిత్యము, దేహము అనిత్యమని ఎన్ని ఇండ్లలో నేనే చెప్పి వచ్చితినో! ఆ మాటలనే ఇతరులు నాకు చెప్పుచుండగా ఉప్పులేని మజ్జిగన్నము వలె తోచినవి. మాటలలో దోషము లేదు. వినువానికి ఆకలి లేదు.

ఆమె ఒక వీధికుక్కకు మిగిలిన అన్నము పెట్టుచుండెడిది. ఆచారభంగమని నేను కసురుకొనెడివాడను. ఆమె పోయిన పిదప ఆ కుక్క గడప కవతల కూర్చుండి కదలలేదు. అన్నము నేనే పెట్టవలసివచ్చినది. ఒకనాటి వేకువను నేను నదివైపు నడువగా అది వెంట వచ్చినది, మరునాడును వచ్చినది. గీతలో పండితుని లక్షణము చెప్పుచు భగవానుడు విద్యావినయములు గల బ్రాహ్మణునితో, గోవుతో, ఏనుగుతోపాటు కుక్కను గూడ ఒకే వరుసలో నిలిపెను. పేరునకు ముందు పండిత శబ్దమును తగిలించుకొన్న నేను ఆ వరుసలోని కుక్కను అరువదియైదేండ్లు వచ్చిన పిదప గాని చూడలేదు. నడక ముగిసిన వెంటనే స్నానము చేసియే పెరుమాళ్ళ సన్నిధికి పోవుదును, ఆచారము ఆచారమే.

కుక్క నడక తిన్నని నడక కాదు. అది మూచూచుచు ఆగినచోటనెల్ల మనమును ఆగవలెను. అట్లు నిలుచుండి నేలను చూచుట అలవాటైనది. ఇసుకలో గరాటు వంటి గుంట త్రవ్వుకొని, అడుగున దాగి, జారిపడిన చీమను పట్టుకొను పురుగొకటి. ఆరుద్రకార్తెలో తొలకరి పడగానే ఎఱ్ఱపట్టు తునుక వలె ప్రాకు ఆరుద్రపురుగు. మనుమడు తన పాత సెల్‌ఫోను నాకిచ్చి, చిన్న ప్రాణులను పెద్దవిగా బొమ్మ తీయు విధము నేర్పెను. ఆ బొమ్మలో చూచినప్పుడు తెలిసినది, ఆరుద్రపురుగునకు ఎనిమిది కాళ్ళు! సాలెపురుగునకు దగ్గరి చుట్టమట. చిన్ననాటి నుండి అరచేతిలో పెట్టుకొని ఆడినదానికి కాళ్ళెన్నియో లెక్కింపనే లేదు. చేయి కదలినచో బొమ్మ చెడును గనుక ఊపిరి బిగపట్టవలెను. జపమునకు కూర్చున్నప్పుడు నిలువని మనస్సు అక్కడ కొన్ని క్షణములు నిలుచుచుండెను.

భాగవతము ఏకాదశ స్కంధములో అవధూత చెప్పిన ఇరువది నలుగురు గురువులలో తేనెటీగ, దీపమున పడు పురుగు, సాలెపురుగు, గూడు కట్టు కందిరీగ ఉన్నవి. కందిరీగ తెచ్చి గూటిలో పెట్టిన పురుగు, భయముతో దానినే తలచి తలచి దాని రూపమునే పొందునని దృష్టాంతము. మా అరుగు గోడపై అట్టి మట్టిగూటిని దినదినము బొమ్మ తీసితిని. పచ్చపురుగును మోసికొని వచ్చుట, ద్వారము మూయుట, కొన్నాళ్ళకు గోడ తొలిచి క్రొత్త కందిరీగ వెడలుట చూచితిని. లోపల జరుగునది వేరని కీటకశాస్త్రము చెప్పుచున్నది. కుట్టి కదలకుండ చేసిన పురుగు, గూటిలో గ్రుడ్డునుండి వచ్చిన పిల్లకు ఆహారమగును. ఇట్టి కందిరీగలను జీవితమంతయు పరిశీలించిన ఫ్రాన్సు దేశీయుడు జాన్ హెన్రీ ఫాబ్ర్ (1823–1915) గూడ శోకము నెఱిగినవాడే. తనతో పురుగులను వెదకుచు తిరిగిన కుమారుడు జూల్ 1877లో మరణింపగా, 1879లో వెలువడిన తన గ్రంథపు తొలి సంపుటములో కొన్ని కందిరీగలకు ఆ బాలుని పేరు పెట్టెను. ఇక అవధూత దృష్టాంతము వ్యర్థమాయెనా? నేనట్లనుకొనను. దేనిని ధ్యానించిన మనస్సు దాని వలె మారునను మాటకు కందిరీగ సాక్ష్యము అవసరము లేదు. అయినను ఇకమీద పిల్లలకు రెండును చెప్పుదును.

మాండవ్యుని కథకు వత్తును. నూరుగురు కుమారులను పోగొట్టుకొన్న ధృతరాష్ట్రుని స్త్రీపర్వములో ఓదార్చినవాడు విదురుడే. నూతిలో తలక్రిందుగా వ్రేలాడుచు, చుట్టును తేనెటీగలు ముసరుచుండగా, జారు తేనెబొట్లకై నోరు చాపు మనుష్యుని కథ ఆయన చెప్పినదే. ఎగిరెడి పురుగునకు కలిగిన బాధ నుండి శాపము, శాపము నుండి విదురుడు, విదురుని నుండి ఆ ఓదార్పు. ఆ ధర్మదేవతయే మహాప్రస్థానములో కుక్కయై యుధిష్ఠిరుని వెంట నడచెను. భార్యయు తమ్ములును దారిలో ఒక్కొక్కరే పడిపోయిన పిదప ఆయనకు మిగిలిన తోడు ఆ కుక్కయే గదా! ధర్ముడనగా యముడే. నా ఇంటి నుండి ఆమెను కొనిపోయినవాడును, వేకువను గడప కవతల నాకై కాచుకొనియున్నవాడును వేరు కారేమో! దీనిని శాస్త్రార్థముగా చెప్పుటలేదు. ఇసుకలో నడచునపుడు తోచినది చెప్పితిని.

మొన్న మా వీధిలోని ఒక పెద్దాయన, ఈ యేడే కుమారుని పోగొట్టుకొన్నవాడు, వచ్చి అరుగుపై కూర్చుండెను. పూర్వమైనచో వెంటనే గీత రెండవ అధ్యాయము విప్పెడివాడను. ఈమారు ఫోనులోని ఆరుద్రపురుగు బొమ్మను చూపితిని. కాళ్ళు లెక్కించుచు చాలసేపు చూచెను. “వేకువను ఎన్నింటికి బయలుదేరుదురు స్వామీ?” అని అడిగెను. అయిదున్నరకని చెప్పితిని.