నాగరికతకు కొలబద్ద ఏది?

‘నాగరికత’ అనే మాట నగరం నుంచి పుట్టింది. నగరవాసి నాగరికుడు, అడవిలో నివసించేవాడు ఆటవికుడు. మొదట ఈ రెండు మాటలూ నివాసాన్ని మాత్రమే సూచించి ఉండవచ్చు. కాలక్రమాన ఒకటి ప్రశంస అయింది, రెండవది నింద అయింది. అందువల్ల ఒక జాతికి నాగరికత ఉన్నదా, లేదా అని విచారణకు పూనుకున్నప్పుడు, తీర్పులో సగం ఆ మాటలోనే ముందుగా రాసి ఉంటుంది.

దంతెవాడ ప్రాంతాన్ని తలచుకుంటే ఈ విషయం స్పష్టపడుతుంది. అక్కడ శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద దంతేశ్వరి ఆలయం ఉన్నది. బార్సూరులో ఛిందక నాగవంశీయుల కాలంనాటి ఆలయాలున్నాయి. శక సంవత్సరం 983, అంటే క్రీ.శ. 1060 నాటి బార్సూరు తెలుగు శాసనం, చంద్రాదిత్యుడనే తెలుగు చోడ సామంతుడు అక్కడ శివాలయాన్నీ, తటాకాన్నీ నిర్మించినట్లు తెలుపుతుంది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ గాథ. తెలుగువారికి ఇది ఆత్మీయమైన చరిత్రే. అయితే బస్తర్ చరిత్ర ఇంతేనని అనుకున్నామంటే మాడియా, మురియా, దొర్ల, ధుర్వా ప్రజలు తమ గడ్డమీదనే పరాయి కథకు నేపథ్యంగా మిగిలిపోతారు.

ఇటువంటి అన్యాయమే మరింత పెద్ద ఎత్తున ఆఫ్రికాకు జరిగింది. ప్రపంచ చరిత్రలో ఆఫ్రికాకు స్థానం లేదని జర్మన్ తత్వవేత్త హెగెల్ తన ఉపన్యాసాలలో తేల్చివేశాడు. 1871లో గ్రేట్ జింబాబ్వే శిథిలాలను చూసిన కార్ల్ మౌఖ్, సున్నం లేకుండా పేర్చిన ఆ మహాకుడ్యాలను షేబా రాణి కథతో ముడిపెట్టాడు. నల్లజాతివారు వాటిని కట్టి ఉంటారన్న ఆలోచన ఆనాటి వలసవాదులకు మింగుడుపడలేదు. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ అవి ఆఫ్రికన్ల నిర్మాణాలేనని పరిశోధించి చెప్పినా, రొడీషియాలోని శ్వేతజాతి ప్రభుత్వం ఆ సత్యాన్ని మరుగుపరచడానికే ప్రయత్నించింది. 1980లో స్వతంత్రమైన దేశం ఆ శిథిలాల పేరునే తన పేరుగా స్వీకరించింది.

ఈ అవమానానికి ప్రతిగా సెనెగల్ పండితుడు షేక్ అంతా దియోప్ 1954లో ప్రచురించిన గ్రంథంలో, ప్రాచీన ఈజిప్టు నాగరికత నల్లజాతి ఆఫ్రికన్లదేనని వాదించాడు. ఆ ఆత్మగౌరవం అవసరమైనదే. కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ‘మాకూ పిరమిడ్లున్నాయి’ అని చెప్పినప్పుడు తీర్పు మారుతుందే తప్ప కొలబద్ద మారదు. మరి పిరమిడ్లు కట్టని జాతుల మాటేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం ఆఫ్రికా నేలలోనే దొరికింది. మాలి దేశంలోని జెన్నె-జెనోలో 1977 నుంచి జరిగిన తవ్వకాలలో, సుమారు క్రీ.పూ. 250 నాటికే మొదలై క్రమంగా పట్టణంగా ఎదిగిన ఒక జనావాసం బయటపడింది. అక్కడివారు వరి పండించారు. దూరప్రాంతాల నుంచి ముడి ఖనిజం తెప్పించుకుని ఇనుము తయారుచేశారు. అయినా రాజప్రాసాదం గాని, మహాసమాధి గాని అక్కడ కనిపించలేదు. వేర్వేరు వృత్తులవారు పక్కపక్కనే బతుకుతూ, ఒక చక్రవర్తి ఆజ్ఞ లేకుండానే పట్టణజీవితాన్ని నడుపుకున్నారని పరిశోధకులు భావించారు. నైజీరియాలోని నోక్ సంస్కృతి ప్రజలు క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలోనే ఇనుము తీశారు, కాల్చిన మట్టితో అపురూపమైన బొమ్మలు చేశారు. వారి రాజుల పేర్లు మనకు తెలియవు. తెలియకపోవడం వారి లోపమా?

ఈ దృష్టితో మళ్ళీ దంతెవాడకు వద్దాం. గామవాడలో మృతుల స్మృత్యర్థం నిలిపిన శిలలు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటిమీద అక్షరాలు లేవు; అయినా మరణించినవారిని మరువరాదన్న ధర్మం ఉన్నది. బస్తర్ లోహారులు మట్టి కొలుములు కట్టి, తిత్తులు ఊది, కట్టెబొగ్గుతో రాతినుంచి ఇనుము తీసేవారు. మామిడికాయల కాలంలో మర్కా పండుం జరిపేదాకా కొత్త కాయను నోట పెట్టకపోవడం గోండుల ఆచారం. ఆ ‘పండుం’ మన ‘పండుగ’కు తోబుట్టువుగా వినిపిస్తుంది, గోండీ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబంలోని భాషలు కదా! ప్రకృతి ఇచ్చినదాన్ని అందుకునే ముందు ఒక క్షణం ఆగడం నేర్పిన సమాజాన్ని ఏ కొలబద్దతో తక్కువని చెప్పగలం?

దీనికొక ఆక్షేపణ రావచ్చు. అడవి జీవితంలో ఆకలి, రోగం, మూఢభయం లేవా? ఉన్నాయి. వాటిని అందమైన మాటలతో కప్పిపుచ్చడం మరొక రకం అన్యాయం. పాఠశాల, వైద్యశాల ఆదివాసికి హక్కుగా చేరవలసినవే. అయితే వాటిని నాగరికత లేనివారికి వేసే భిక్షగా ఇవ్వడం వేరు, సమానులైన పౌరులకు బాకీగా చెల్లించడం వేరు.

ఇది కేవలం పండిత చర్చ కాదు. బైలదిల్లా కొండలలో 1968 నుంచి పెద్ద ఎత్తున ఇనుప ఖనిజం తవ్వి రైలు మార్గాన విశాఖపట్నానికి పంపుతూ వచ్చారు. 2019 జూన్‌లో అక్కడి 13వ నిక్షేపం ఉన్న కొండ తమ నందరాజ్ దేవుని నెలవని వేలాది ఆదివాసులు కిరండూల్‌లో బైఠాయించారు. గ్రామసభ సమ్మతి నిజంగా లభించిందా అని ప్రశ్నించారు. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపి విచారణకు అంగీకరించింది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభ మాటకు విలువ ఇచ్చాయి. కాని ఎదుటివాడు ఆలోచించగలవాడన్న నమ్మకం మనలో లేకపోతే, అతని సమ్మతి కాగితం మీద వేలిముద్రగానే మిగులుతుంది.

ఎవరిని అనాగరికులంటామో, వారిని అడగకుండానే వారి మేలు నిర్ణయించే అధికారం మనకున్నదని అనుకుంటాం. ఆఫ్రికాలో వలసపాలన చేసినది అదే. కోటలూ శాసనాలూ ఒక జాతి శక్తిని చెప్పగలవు. తన భాష మాట్లాడనివారి ‘వద్దు’ అన్న మాటను ఆ జాతి ఎంత శ్రద్ధగా విన్నదన్నదే దాని నాగరికతను చెబుతుంది. ఆ పరీక్షకు నేడు దంతెవాడలో నిలబడవలసినవారు ఆదివాసులు కారు, మనమే.