కరెంటు పోయిన పూట

గిద్దలూరు పక్క ఎండాకాలం కరెంటు పోతే ఫ్యాను ఆగిందన్న బాధకన్నా నీళ్ల బాధే ఎక్కువ. బోరు మోటారు తిరగదు, మిద్దె మీది ట్యాంకు చూస్తుండగానే అడుగంటుతుంది. అనుభవం ఉన్నవాళ్లు కరెంటు ఉన్నప్పుడే బిందెలు నింపుకుంటారు.

2022 ఏప్రిల్ గుర్తుందా? కరెంటు చాలక ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకే పవర్ హాలిడే పెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకాక విశాఖలో చాలా వీధులు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

ఇక ఫ్రిజ్ సంగతి. తలుపు తీయకుంటే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది, నిండుగా ఉన్న ఫ్రీజరైతే 48 గంటల దాకా. మనమేమో చల్లగా ఉందో లేదోనని మాటిమాటికీ తెరిచి చూస్తాం! ఒక్కసారే తెరిచి పాలు తీయండి, కాచి తోడేయండి. దోసెల పిండి పులిస్తే ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి వేసి పొంగణాలు పోసుకోవచ్చు. మాంసం కూర మాత్రం చల్లదనం పోయి గంటలు గడిస్తే పారేయాల్సిందే. మళ్లీ మరిగిస్తే చాలనుకుంటారు గానీ, కొన్ని సూక్ష్మజీవులు వదిలిన విషం మరిగినా పోదు. వాసన బాగుందన్న ధీమా పనికిరాదు.

జొన్నరొట్టెకూ, శెనక్కాయల పచ్చడికీ ఫ్రిజ్‌తో పనేముంది? మిక్సీ లేదు కాబట్టి రోలు కడగండి. వేయించిన శెనక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు, ఆఖర్న రెండు వెల్లుల్లి రెబ్బలు. కచ్చాపచ్చాగా ఉంటేనే రుచి. ఫోన్లలో చార్జింగు అయిపోయాక పిల్లలు ఎలాగూ వంటింట్లోకి వస్తారు. పొత్రం వాళ్ల చేతికివ్వండి. ఆ కారం చేతులతో కళ్లు నులుముకోకుండా మాత్రం చూసుకోండి.