రామకోటి పుస్తకం వెనకపేజీలు

వచ్చే సోమవారం కార్తీకంలో మూడోది. ఆలోగా ఈ వ్యాసం మీ చేతికి అందకపోతే రాసిన ప్రయోజనం లేదు. గురువారం రాత్రికి పంపకపోతే డెస్కులో కుర్రాడు నా చోట్లో ఏదో గుడి ఫొటో వేసేస్తాడు. దానికే పాఠకులు ఎక్కువేమో కూడా. అయినా ఈ వారం ఆ చోటు వదులుకోదలచుకోలేదు.

మొదటి సోమవారం కోడూరులో మా మేనకోడలు ఉపవాసం ఉంది. నాలుగేళ్లుగా క్రోన్స్ జబ్బుతో కాపురం చేస్తున్న పిల్ల. అంతకుముందు ఆరు నెలలు పేగు క్షయ అనుకుని ఆ మాత్రలు మింగింది. మన దేశంలో ఆ రెండు జబ్బులూ ఒకదాని వేషం ఒకటి వేసుకుంటాయి, పెద్ద డాక్టర్లే తడబడతారు. ఆ రోజు తెల్లవారుజామునే హంసలదీవి వెళ్లి సంగమంలో మునిగి, వేణుగోపాలుణ్ని చూసుకుని వచ్చింది. చుక్క పొడిచేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టనంది. మధ్యాహ్నం మూడు దాటాక గుండె దడ మొదలైంది. ‘గొంతులో కొర్రమీను ఎగిరినట్టుంది మామయ్యా’ అని తర్వాత చెప్పింది నాతో.

ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి చెయ్యి పట్టుకు చూసి ‘గ్యాస్’ అన్నాడు. అత్తగారు ‘గాలికి దడ’ అంది. ఆవిడను తప్పుపట్టలేను. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు పదేళ్ల పిల్ల, తుమ్మకొమ్మ పట్టుకుని తెల్లవార్లూ వేలాడింది. దివిసీమలో నవంబరు గాలి హోరుమంటే ఆవిడకే కాదు, ఆ వయసు వాళ్లందరికీ గుండె కొట్టుకుంటుంది. తన దడకు తనకు తెలిసిన పేరు ఉంది, కోడలి దడకూ అదే పేరు పెట్టింది.

నా కోపం ఆ గ్యాస్ మీద. ఛాతీలో నొప్పొస్తే గ్యాస్, కడుపులో మెలిపెడితే గ్యాస్, రాత్రి నిద్రపట్టకపోయినా గ్యాసే. ఈ ఒక్క మాట కింద ఎన్ని రోగాలు తలదాచుకుంటున్నాయో! అదేమో మర్యాదగల మాట, పదిమందిలో అనొచ్చు. ‘రోజుకు ఎనిమిదిసార్లు దొడ్డికి పోతున్నాను, అందులో నెత్తురు పడుతోంది’ అనడం మర్యాద కాదు. పైగా కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని సామెత ఒకటి చేతిలో ఉంది. ఇంటి గుట్టు కోసం పుట్టిన సామెతను నిజం కడుపుకే అంటగట్టాం.

ప్రతి శనివారం నారాయణీయం పారాయణ చేసే ఆడవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. మేల్పత్తూరు నారాయణ భట్టతిరి వాతరోగంతో గురువాయూరప్ప ఎదుట కూర్చుని వంద దశకాలు చెప్పాడు. దాదాపు ప్రతి దశకం చివరా కథ పక్కన పెట్టి, స్వామీ నా రోగం సంగతి చూడు అంటాడు. ఒకసారి కాదు, అన్నిసార్లూ. ఈ తల్లులంతా ఆ మాటను సంస్కృతంలో గొంతెత్తి చదువుతారు. పుస్తకం మూశాక తెలుగులో అడగండి, ‘ఏముందండీ, కాస్త గ్యాస్’ అంటారు.

మనవాడే అయిన నారాయణతీర్థుల సంగతి మీకు తెలిసిందే. గుంటూరు సీమలో కాజ ఆయన ఊరంటారు. విడవని కడుపునొప్పితో కావేరి దాకా పోయాడు. తెల్లవారి మొదట ఏది కనపడితే దాని వెంట వెళ్లమని స్వప్నంలో వినిపించింది, వరాహం కనిపించింది, అది వరహూరు గుడి దగ్గర మాయమైంది, నొప్పీ పోయింది. పన్నెండు తరంగాల శ్రీకృష్ణలీలాతరంగిణి ఆ ఊళ్లో పుట్టింది. మన పక్కనున్న కూచిపూడి సిద్ధేంద్రయోగి ఆయన శిష్యుడేనని పెద్దలమాట. ఈ కథ చెప్పేవాళ్లంతా నొప్పి పోయిన చోటికి గబగబా పరిగెత్తుతారు. నాకు మాత్రం దానికి ముందు దారే గుర్తొస్తుంది. ఆ నడకలో ఎన్ని పూటలు పస్తున్నాడో, ఎన్ని ఊళ్లలో ఏ చెట్టుచాటు వెతుక్కున్నాడో! ఆయనకు వచ్చింది ఏ జబ్బో అని తేల్చే తెలివి నాకొద్దు. సన్యాసి అయివుండీ ‘నాకు కడుపునొప్పి’ అన్నాడు. ఆత్మకు రోగమేమిటని వేదాంతం చెప్పి తప్పించుకోలేదు.

మా పిల్ల గుడికి వెళితే ముందు ధ్వజస్తంభం కాదు, మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకుంటుంది. మాఘపూర్ణిమకు హంసలదీవిలో జనం ఇసుకలా ఉంటారు, పాపం ఆ రెండు రోజులూ భోజనమే మానేస్తుంది. దేవాలయాలకు బంగారు తాపడాలు చేయించే దాతలు ఈ ముక్క చదివితే బాగుండు.

ఉపవాసం ఉన్న ఆ మొదటి సోమవారం రాత్రి నుంచి ఆమె ఒక పని చేసింది. దిండు పక్కన రామకోటి పుస్తకం ఉంటుంది. దాన్ని తిరగేసి, వెనక నుంచి రాయడం మొదలుపెట్టింది. ‘రాత్రి 2.40. దడ. నాడి 118. సాయంత్రం నుంచి ఆరుసార్లు. ఆరోసారి నీళ్లే.’ ఇలా ఎనిమిది రోజులు. రెండో సోమవారం మరునాడు బందరులో డాక్టరు ముందు అదే పెట్టింది. ఆయన చదివి, పుస్తకం అటు తిప్పి, శ్రీరామలు చూసి కళ్లకద్దుకుని, మళ్లీ ఇటు తిప్పి రెండోసారి చదివాడట. వెంటనే ఈసీజీ తీయించి, నెత్తురు పరీక్షకు పంపాడు. హిమోగ్లోబిన్ ఎనిమిదికి దిగింది, పొటాషియం తగ్గింది.

దడ గుండెలో వినిపించింది, పుట్టింది మాత్రం పేగులో. న్యూయార్కులో బరిల్ క్రోన్, మరో ఇద్దరు డాక్టర్లు 1932లో ఈ జబ్బు గురించి రాసినప్పుడు చిన్నపేగు చివరిభాగాన్నే చూపించారు. నోటి నుంచి కింది దాకా ఎక్కడైనా వస్తుంది గాని దానికి ఇష్టమైన చోటు అది. విటమిన్ బి12 ఒంటికి పట్టేది కూడా అక్కడే. పుండ్ల నుంచి కంటికి కనపడకుండా నెత్తురు పోతుంటే ఐరన్ తరిగిపోతుంది. పల్చబడ్డ నెత్తురునే గుండె గబగబా తిప్పి సర్దుకోవాలి. విరేచనాలతో నీరుపోతుంది, దాంతోపాటు పొటాషియం, మెగ్నీషియం కూడా. కూచిపూడి నట్టువుడి చేతి తాళాల్లాగా గుండెకు లయ పట్టేవి ఆ లవణాలే. స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు వాటివల్లా దడ రావచ్చు. అలాగని ఎవరంతట వాళ్లు వాటిని ఒక్కసారిగా ఆపేయకూడదు. భయం దీనికి మరో పొర. ఇన్నిటి మీద నీళ్లు కూడా ముట్టని ఉపవాసం! దడతోపాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీ పట్టేసినా, ఊపిరి ఆడకపోయినా దీపం కొండెక్కేదాకా కూర్చోకండి, బండి కట్టించండి.

వ్రతభంగం అంటారా? వ్రతాన్ని చెరపనివి ఎనిమిదున్నాయని మహాభారతంలోనే ఉంది. నీళ్లు అందులో ఉన్నాయి, పాలూ పళ్లూ ఉన్నాయి, మందూ ఉంది. రోగికి ఉపవాసం విధించిన శాస్త్రం నాకు కనపడలేదు. విధించిన అత్తగార్లు కనపడ్డారు.

డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు ఈమెకు నాడి లెక్కపెట్టే చేతిగడియారం పంపాడు. వారం పెట్టుకుంది. నిమిషానికోసారి చూడటం, అంకె పెరగడం, అది చూసి మళ్లీ దడ. పగలూ రాత్రీ కలిపి 21,600 శ్వాసలు హంస హంస అంటూ వాటంతటవే జపం చేస్తాయని యోగులు చెప్పారు. ఎవరూ కూర్చుని లెక్కపెట్టమని చెప్పలేదు. డాక్టరు కూడా గడియారం తీసేయమన్నాడు. దడ వచ్చినప్పుడు మాత్రం కూర్చుని, మణికట్టు పట్టుకుని నిమిషం లెక్కపెట్టి రాయమన్నాడు. ఇప్పుడు ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. మంచం పక్కన ఓఆర్‌ఎస్ గ్లాసు ఉంటోంది. దడ పూర్తిగా పోలేదు, రాత్రిళ్లు రెండోజాములో ఒకసారి పలకరిస్తోంది. వస్తే లేచి కూర్చుని రాసుకుంటుంది.

గొడవ ఇప్పుడు పుస్తకం దగ్గర వచ్చింది. శ్రీరామ రాసే పుస్తకంలో విరేచనాల లెక్క రాస్తావా అని అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఈ పిల్ల నాకు ఫోన్ చేసి ‘తప్పా మామయ్యా?’ అంది. నాకు హంసలదీవి కథ గుర్తొచ్చింది. అందరి పాపాలూ అంటి నల్లబడ్డ గంగ కాకిరూపంలోనే తీర్థాలన్నీ తిరిగి ఇక్కడికొచ్చి మునిగింది. హంసగా మారాక కదా స్నానానికి రావాలి అని గట్టు మీద ఆగలేదు. అదే చెప్పాను. ‘ఆ మాట మీరే అత్తయ్యతో అనండి’ అంది.

నిన్న సాయంత్రం వెళ్లాను. ఆవిడ కాఫీ ఇచ్చి, గంగ కథ మొత్తం విని, ‘ఆ కథ మాకు తెలీదా అన్నయ్యగారూ’ అంది. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ముందు నుంచి ఎర్రసిరాతో శ్రీరామ, వెనక నుంచి నీలంసిరాతో దడ. మధ్యలో పదకొండు తెల్ల కాగితాలు మిగిలాయి. ‘రెండూ కలిసిపోయేలా ఉన్నాయి. అవనిగడ్డ వెళ్లినప్పుడు ఇంకో పుస్తకం పట్టుకురండి’ అంది. దేనికని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.