పండుగలో పని ఎవరిది?



మా సంఘములోని ఒక పెద్ద దంపతులు ఈ వేసవిలో అమెరికా దేశమునకు వెళ్లనైయున్నారు. వారి కుమారుడు ఒహాయో రాష్ట్రములోని కొలంబస్ నగరములో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. అతనికి భార్యయు, ఏడేండ్ల కుమారుడును, పది నెలల కుమార్తెయు కలరు. తలిదండ్రులు అచ్చట ఉండు కాలములో కుటుంబమంతయు కలిసి నాలుగు దినములు విహారయాత్ర చేయవలెనని తలంచి, అతడు ఆ యాత్రకు ఒక పట్టిక వ్రాసి ఫోనులో పంపెను. తల్లి కండ్లకు ఆ చిన్న అక్షరములు ఆనలేదు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె మా యింటికి వచ్చి, ఫోను మా చేతిలో పెట్టి, "అయ్యగారూ, మావాడు ఏదో రాసి పంపాడు. కాస్త చదివి చెప్పండి" అనెను.

చదివితిమి. చదివిన తరువాత ఆమె అడిగిన ఒక మాట మమ్మును చాలా దినములు విడువలేదు. అందుచేతనే ఈ నెల ఈ వ్యాసము.

మొదట యాత్ర సంగతి చెప్పవలెను. ఆ దేశమున ఈరీ అను సరస్సు కలదు. అచ్చటి అయిదు మహా సరస్సులలో అది యొకటి. దాని వైశాల్యము సుమారు 25,700 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేటి అభయారణ్యము 308 చదరపు కిలోమీటర్లు మాత్రమే. కాబట్టి ఆవలి ఒడ్డు కనబడని నీటిని వారు సరస్సు అనుచున్నారని గ్రహింపవలెను. దాని దక్షిణపు ఒడ్డున సాండస్కీ అను పట్టణమున్నది. అచ్చట నేల ఒక నాలుకవలె నీటిలోనికి చాచుకొని యున్నది. ఆ నాలుక మీదనే సీడార్ పాయింట్ అను వినోదవనము కలదు. 1870లో అది స్నానము చేయువారి విడిదిగా ఆరంభమైనది. 1957లో నీటి మీదుగా తిన్నని దారి వేయకముందు అనేకులు పడవలలో పోవుచుండిరి. 1892లో అచ్చట కట్టిన మొదటి రోలర్ కోస్టరు ఎత్తు 25 అడుగులు. అనగా మా గుడి గంట స్తంభమంత. 1989లో కట్టినది 205 అడుగులు. 2000లో కట్టినది 310 అడుగులు. ఈ చివరిది దిగునప్పుడు గంటకు 93 మైళ్ల వేగము పుట్టును. బండిని శిఖరమునకు చేర్చువరకే యంత్రము పని. తరువాత ఇంజనేమియు లేదు. పై నుండి వదలిన రాయి ఎట్లు పడునో బండియు అట్లే పట్టాల మీద పడుచు లేచుచు పోవును. ఇట్టిదానికి రూకలిచ్చి ఎక్కువారు కలరా అని మా సంఘపు పెద్ద యొకరు ఆశ్చర్యపడిరి. ఉన్నారు. గంటల తరబడి వరుసలో నిలువబడి మరీ ఎక్కుదురు.

విశ్వాసులు ఇట్టి వినోదమునకు పోవచ్చునా అని అడుగువారును కలరు. మేము దీని మీద ఎక్కువ సిరా ఖర్చు చేయము. జెకర్యా ప్రవక్త తన గ్రంథము 8వ అధ్యాయములో, బాగుపడిన యెరూషలేమునకు గుర్తుగా వీధులలో ఆడుకొను పిల్లలను చూపెను. పిల్లలు నవ్వుట పాపమని చెప్పు వాక్యము మాకు ఇంతవరకు దొరకలేదు.

కుమారుడు ఈ యాత్రకు చక్రముల మీది ఇంటిని అద్దెకు మాటలాడెను. దానిని అచ్చట ఆర్‌.వి. అందురు. చూచుటకు బస్సువలె నుండును. లోపల మంచములు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, చిన్న స్నానపు గది, మరుగుదొడ్డి యుండును. హోటలు గది తీసికొనక దీనిని ఏల కోరెనో పట్టిక పైననే వ్రాసెను. తల్లికి బయటి తిండి పడదు. తండ్రికి చక్కెర వ్యాధి యుండుటచేత మాటిమాటికి మరుగుదొడ్డి అవసరము. ఈ రెండు పంక్తులు చదివినప్పుడు మా కండ్లు చెమర్చినవి. దూరదేశమందున్న కుమారుడు తలిదండ్రుల దేహములను మరువలేదు.

మిగిలిన పట్టికయు అంతే శ్రద్ధతో వ్రాసెను. ఇంటి నుండి సాండస్కీకి సుమారు 110 మైళ్లు. బండి యెత్తు ఎంతో ఒక చీటి మీద వ్రాసి చక్రము ఎదుట అంటింపవలెను, ఏలయనగా అలవాటులేనివాడు కారు నడిపినట్లే నడిపి తక్కువ ఎత్తుగల వంతెనకు కప్పు తగిలించును. బండి కదలుచున్నప్పుడు ఎవరును లేచి తిరుగరాదు, పొయ్యి వెలిగింపరాదు. వనము ఆవరణములోనే ఇట్టి బండ్లు నిలుపు తావు కలదు. అచ్చట నీటి గొట్టమును, కరెంటు తీగను, మురుగు గొట్టమును తగిలింపవలెను. బండి అడుగున మూడు తొట్లుండును. ఒకటి మంచి నీటికి, ఒకటి కడిగిన నీటికి, ఒకటి మరుగుదొడ్డికి. ఈ కడపటి తొట్టిని చేతులకు తొడుగులు వేసికొని గొట్టము ద్వారా ఖాళీ చేయవలెను. దాని ఎదుట ఎవరి పేరున్నదో చూచితిమి. కుమారుడు తన పేరే వ్రాసికొనెను. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మేము చెప్పబోవు మాటలను బట్టి అతనిని స్వార్థపరుడని ఎవరును తలంపకూడదు.

మనుమని సంగతియు ఉన్నది. పెద్ద రోలర్ కోస్టరు ఎక్కుటకు 48 అంగుళముల ఎత్తు ఉండవలెను. పిల్లవాడు 47 అంగుళములే యున్నాడట. ద్వారమునొద్ద కొలకర్ర పెట్టి కొలిచి, చాలనియెడల ఏడ్చినను ఎక్కనియ్యరు. కాబట్టి తలుపు ప్రక్కన గోడ మీద గీతలు గీచి ప్రతి శనివారము కొలుచుచున్నారు. ఆ అంగుళము పెరుగనియెడల ఎక్కదగిన చిన్నవాటి పేర్లు వేరుగా వ్రాసెను.

మేము ఇదంతయు చదివి వినిపించితిమి. ఆమె శ్రద్ధగా విని, "నా పేరు ఎక్కడుందండీ?" అనెను. వెదకితిమి. ఆరు చోట్ల ఉన్నది. మూడు చోట్ల "అమ్మ – వంట". మూడు చోట్ల "అమ్మ – పాప, నీడలో". అంతకు మించి లేదు. నాలుగు దినములలో ఆమె ఏమి చూచునో, ఏమి ఎక్కునో, ఎప్పుడు కూర్చుండునో ఒక్క పంక్తియు లేదు. మా ముఖము చూచి ఆమెయే నవ్వి, "దానికేముందండీ, నేను పోయేది అందుకేగదా" అని ఫోను తీసికొని వెళ్లిపోయెను.

ఇదియే మమ్మును విడువని మాట. ఆమె మూలుగలేదు. సణుగలేదు. ఇష్టముగానే ఒప్పుకొనెను. సంతోషముగా చేయువారి యొద్ద పని పుచ్చుకొనుటలో తప్పేమి?

తప్పు లేదనుటకు చెప్పదగినది చాలా ఉన్నది. పది నెలల మనుమరాలిని ఎత్తుకొనుట ఆమెకు భారము కాదు. ఆ బిడ్డ కొరకే ఆమె రెండు విమానములు మారి పోవుచున్నది. నీవు ఏమియు చేయవద్దు, ఊరకే కూర్చుండుము అని చెప్పినయెడల ఆమె మనస్సు నొచ్చుకొనును. ఈ ఇంటిలో నేను దేనికి అనుకొనును. మన తల్లులకు చేతిలో పని లేకుండుటయే శిక్ష. మరియు కుమారుడును అలసియున్నాడు. ఆ దేశమున ఉద్యోగులకు జీతముతో కూడిన సెలవు ఇయ్యవలెనని కేంద్రపు చట్టమేదియు లేదు, యజమాని ఇచ్చినంతయే సెలవు. ఆ కొద్ది దినములలో నాలుగింటిని ఇందుకు తీసెను.

ఇవన్నియు నిజములే. అయినను ఇచ్చుట వేరు, ఇచ్చుదురని ముందే లెక్కకట్టుకొనుట వేరు. ఈ రెంటికి భేదము తెలిసికొనుటకు మాకు ఒక దారి తోచినది. ఆమె ఒక ఉదయము, "నాయనా, ఈ పూట నాకు మోకాలు నొప్పిగా ఉంది, వండలేను" అనినయెడల ఏమగును? పట్టికలో దానికి చోటున్నదా? మనుమని ఒక్క అంగుళము తక్కువైన యెడల ఏమి చేయవలెనో వ్రాసిన పట్టికలో, ఆమె కాదనిన యెడల ఏమి చేయవలెనో లేదు. కాదనుటకు చోటు లేనప్పుడు ఔననుటకు విలువ ఎంత? ఆమె ప్రేమతోనే చేయవచ్చును. కాని అది ప్రేమయో అలవాటో తెలిసికొనుటకు ఎవరును ఆమెను అడుగలేదు. బండి యెత్తు కొలిచిరి, బిడ్డ యెత్తు కొలిచిరి, ఆమెను అడుగుట మాత్రము మరచిరి.

ఇట్లు వ్రాయుటకు మాకు నోరున్నదా? లేదు. కొన్నియేండ్ల క్రిందట మేము సండేస్కూలు పిల్లలను, యౌవనస్థులను బస్సులో నాగార్జునసాగరమునకు తీసికొనిపోతిమి. పట్టిక మేమే వ్రాసితిమి. బియ్యము ఎంత, కట్టెలు ఎన్ని, ఎవరు ఎక్కడ కూర్చుండవలెను, అన్నియు వ్రాసితిమి. నాగార్జునకొండకు పడవ పోవు వేళ అయ్యెను. అందరును ఎక్కిరి. కొండ మీది మ్యూజియము చూచి, పిల్లలకు పాఠము చెప్పి, మేము సాయంకాలము తిరిగి వచ్చుసరికి చెట్టు క్రింద అన్నము సిద్ధముగా నుండెను. నలుగురు స్త్రీలు పొగలో కండ్లు తుడుచుకొనుచు వడ్డించిరి. వారిలో ఒకరు మా యింటివారే. రాత్రి తిరిగి వచ్చుచుండగా బస్సులో ఆమెను, "కొండ బాగున్నది కదా" అని అడిగితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. "నేను పడవ ఎక్కలేదండీ" అనెను. పడవలో తలలు లెక్కపెట్టినవారము మేమే. నలుగురు తక్కువని మాకు తెలియలేదు, ఏలయనగా ఆ నలుగురిని మేము మొదటనే లెక్కలో వేసికొనలేదు.

లేవీయకాండము 23వ అధ్యాయములోని పర్ణశాలల పండుగ మనకు తెలిసినదే. ఇశ్రాయేలీయులు ఏడు దినములు ఇండ్లు విడిచి కొమ్మలతో కట్టిన పాకలలో నివసింపవలెను. నెహెమ్యా కాలములో మిద్దెల మీదను, ముంగిళ్లలోను, వీధులలోను పాకలు వేసికొనిరి. ఇల్లు విడిచి చిన్న పాకలో కుటుంబమంతయు కలిసియుండుటకు, ఈ చక్రముల మీది ఇంటికి కొంత పోలిక లేకపోలేదు. ఆ పండుగను గూర్చి ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయము ఎవరెవరు సంతోషింపవలెనో పేరుపేరున చెప్పుచున్నది. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివారు, విధవరాలు. దాసిని కూడ చేర్చిన ఈ జాబితాలో భార్య కనబడదు. అదే గ్రంథము 5వ అధ్యాయములో విశ్రాంతిదినమును గూర్చిన ఆజ్ఞలో ఎద్దు ఉన్నది, గాడిద ఉన్నది, అచ్చటను భార్య పేరు లేదు. సెమినరీలో చదువుకొను దినములలో దీనిని గూర్చి మాలో వాదము జరిగెను. మా గురువు, "నీవు" అను మాటలోనే భార్యయు ఉన్నది, అందుకే వేరుగా చెప్పలేదు అనెను. ఆ వివరణను మేము ఒప్పుకొనుచున్నాము. అయితే మన ఇండ్లలో ఆ "నీవు" పండుగ నాడు రెండుగా చీలిపోవుచున్నది. ఒక సగము పడవ ఎక్కును. ఒక సగము పొయ్యి ఊదును.

మార్త సంగతి కూడ ఇక్కడ ఎవరైనను ఎత్తుదురు. మార్తను గద్దించిన ప్రభువు మాటను మనము స్త్రీలకే ప్రసంగించితిమి గాని, ఆ దినమున ఆ యింట భోజనమునకు కూర్చున్న మగవారు లేచి గిన్నెలు అందుకొనవచ్చునను సంగతి మేము ఏ ప్రసంగములోను వినలేదు. మేమును చెప్పలేదు.

రెండు వారములు ఆలోచించి, ఆ దంపతుల అనుమతితో కుమారునితో ఫోనులో మాటలాడితిమి. పెద్దమాటలు ఏమియు చెప్పలేదు. నీ పట్టికలో మీ అమ్మగారి పేరు ఎదుట ఏమున్నదో ఒకసారి చదువుము అంటిమి. చాలసేపు శబ్దము లేదు. "అయ్యగారూ, ఆమె హాయిగా ఉంటుందనే అనుకున్నాను" అనెను. అతడు అబద్ధమాడలేదు. మేమును సాగరములో అట్లే అనుకొంటిమి.

తరువాత అతడే ఒక సంగతి చెప్పెను. పసిబిడ్డలుగల తలిదండ్రులకు ఇట్టి వనములలో ఒక సదుపాయమున్నదట. ఒకరు ఎక్కివచ్చువరకు ఒకరు బిడ్డతో ఆగి, తరువాత మరల వరుస మొదటినుండి నిలువబడక తాము ఎక్కవచ్చును. అది ముందే తెలిసినను, అమ్మ ఉన్నది కదా అని దానిని వ్రాయలేదనెను. ఇప్పుడు వ్రాసెను. మూడు వంటలలో రెండింటికి తన పేరును భార్య పేరును పెట్టెను. మూడవది అమ్మ ఇష్టము అని వ్రాసి, ఆమె వండనియెడల రొట్టెయు గ్రుడ్లును అని క్రింద చేర్చెను.

క్రొత్త పట్టికను మేము ఆమెకు చదివి వినిపించితిమి. ఆమెకు అది అంతగా నచ్చలేదు. కోడలు వండిన కూర మీ అయ్యగారికి ఎక్కదు అని కొంచెము గొణిగెను. బిడ్డను మాత్రము తానే చూచుకొందుననెను. మేము ఏమియు అనలేదు. అది ఆమె చెప్పవలసిన మాట. ఇప్పుడు చెప్పుటకు చోటున్నది.

తరువాత ఆమె, "అక్కడ ముసలివాళ్లు ఎక్కేది ఏమైనా ఉందా అండీ?" అని అడిగెను. ఉన్నది. 1963 నుండి బొగ్గుతో నడచు ఆవిరి రైలు ఆ వనములో తిరుగుచున్నది. ఆమె భర్త వెంటనే అది నాకు అనెను. సరస్సు కనబడునట్లు ఒక జెయింటు వీలుకూడ ఉన్నది. ఆ మాట వినగానే ఆమె ముఖము మారిపోయెను. పెండ్లికి ముందు తిరునాళ్లలో అన్నగారితో కలిసి ఒక్కసారి రంగులరాట్నము ఎక్కినదట. పై నుండి తమ ఊరి చెరువు పళ్లెమంత కనబడినదట. ఆ తరువాత మరల ఎక్కలేదు.

"ఆ నీళ్లు కూడా కనబడతాయా అండీ అంత చిన్నగా?" అనెను. కనబడవమ్మా, ఆవలి ఒడ్డే కనబడదు అంటిమి. ఆమె ఫోనులోని పట్టికను మరల మాకిచ్చి, అది ఎన్నవ దినమో, ఎన్ని గంటలకో చూచి చెప్పుమనెను.