కలుపు మొక్కకు ఒక మడి

చలిదేశాల తోటల్లో యారో అనే మొక్కకు మంచి పేరుంది. పొట్టి రకాలు గుబురుగా పెరిగి తెల్లగా పూస్తాయి. ఎండ, బీదనేల ఉంటే చాలు. ఎరువు ఎక్కువైతే కాడలు సాగి ఒరిగిపోతాయి. మన రామన్నపేట ఎర్ర చెల్కల్లో అలాంటిదేముందని అడిగితే నేను గునుగును చూపిస్తాను.

రెండూ చుట్టాలు కావు. గునుగు తోటకూర కుటుంబానిది. జొన్న చేలో కనబడితే పీకి గట్టు మీద పారేస్తాం. బతుకమ్మ రాగానే అదే గునుగు కోసం సంచులు పట్టుకుని తిరుగుతాం! తెల్లని కంకులు, కొసన లేత గులాబీ. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగైంది. గునుగు కట్టలు అంగట్లో కూడా దొరుకుతాయి. కొందరు రంగుల్లో ముంచుతారు గానీ, నాకైతే ఆ వెండి తెలుపే ఇష్టం. కోశాక కూడా ముడుచుకోదు, ఎండి అలాగే నిలుస్తుంది. లేత ఆకు కూర వండుకోవచ్చు. నైజీరియాలో ఇదే జాతిని ఆకుకూరగా సాగు చేస్తారు.

పెరట్లో కావాలంటే ఎండిన కంకిని అరచేతిలో నలపండి. నల్లగా మెరిసే సన్న గింజలు రాలతాయి. తొలకరికి నీళ్లు నిలవని చోట చల్లి, పలుచగా మన్ను కప్పండి. మొలకలు వత్తుగా వస్తే కొన్ని తీసేయండి. జానెడు ఎదిగాక తల తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది. విత్తనానికి నాలుగైదు కంకులు ఉంచుకుని, మిగతావి గింజ రాలకముందే కోసేయండి. లేకుంటే పక్కచేను రైతు మీ గడప ముందుకొచ్చి నిలదీస్తాడు.