కట్టివేయబడిన శక్తి

శక్తి గలిగియు దానిని వినియోగింపకుండుట గుణమా, దోషమా? సంయమము సద్గుణమని పెద్దలు చెప్పిరి. సోమరితనము దోషమనియు వారే చెప్పిరి. ఈ రెంటికిని పైరూప మొక్కటియే. ఒరలోని ఖడ్గము శాంతిచే నున్నదో, తుప్పుచే నున్నదో చూచువానికి దెలియదు. ఈ భేదమును విచారించుటకై మేమొక యుద్ధనౌక చరిత్రమును గైకొనుచున్నాము.

1817వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన బొంబాయి రేవున ట్రింకోమలీ యను ఫ్రిగేటు జలప్రవేశము చేసెను. ఫ్రిగేటనగా మహానౌకలకంటె చిన్నదై, వేగముగా నడచి, శత్రువుల జాడ దీయుటకును వర్తకరక్షణకును పంపబడునది. ఆంగ్లదేశమున ఓకు కలప కరవగుటచే దీనిని మన టేకుతో నిర్మించిరి. నిర్మాత జంషెట్జీ బొమంజీ వాడియా యను పారసీకుడు. అయితే నెపోలియను యుద్ధములు ముగిసిన పిదప పుట్టిన యోధునకు పనియేమి? 1819లో ఇంగ్లండు చేరిన యా నౌకను పాతికేండ్లకు పైగా రేవున గట్టివేసిరి. 1847 మొదలు 1857 వరకు రెండు పర్యాయములు దూరసముద్రముల సంచరించి, పిమ్మట నావికుల శిక్షణకు వినియోగపడెను. 1897లో విరుగగొట్టుటకు అమ్ముడుపోగా, కాబ్ అను నాతడు దానిని గొని, బాలురకు నావికవిద్య నేర్పు పాఠశాలగా మార్చెను. 1986 వరకు ఆ పని సాగెను. నేడది హార్టిల్‌పూల్ రేవున నింకను నీటిపై దేలుచున్నది.

దాని ఫిరంగులు మహాయుద్ధమున మ్రోగలేదు గనుక అది అహింసాపరురాలని కొందఱనవచ్చును. మేమట్లు తలపము. మ్రోగని ఫిరంగియు తీరవాసులను భయపెట్టును. సామ్రాజ్యములు ఆ భయముచేతనే చాలవఱకు నిలిచినవి. ఇక రేవున గడచిన యా పాతికేండ్లు సంయమమా? కాదు. తాళ్లు కట్టినవారొకరు, కట్టుబడినది వేఱొకటి. తన శక్తిని దానే నిలుపుకొనుట సంయమము. ఇతరులు నిలుపుట నిర్బంధము. ఈ రెండవదానికి మొదటిదాని పేరు పెట్టుట అసత్యము.

ఈ యసత్యమును మేమును ఆడితిమి. మా గృహిణి ఉపాధ్యాయశిక్షణ పొందినది. వివాహానంతర మామె ఉద్యోగప్రసంగము దెచ్చినప్పుడు, "అవసరమైనప్పుడు చూతములెమ్ము" అంటిమి. పదునెనిమిదేండ్లు గడచినవి. ఆమె మౌనమును ఓర్పని బంధువులయొద్ద గొనియాడుచు వచ్చితిమి. మొన్నటి దినమున ఆమె మా కుమార్తెకు భిన్నములు బోధించుచుండగా వింటిమి. ఇరువదేండ్లుగా మేము తరగతిలో అంత సులభముగా జెప్పజాలకపోయితిమి. ఆ బోధ నందవలసిన బాలురెందఱో గదా యని సిగ్గుపడితిమి.

టేకు గనుక ఆ నౌక పాతికేండ్ల నిరీక్షణమును సహించెను. మనుష్యుని విద్యకు అంతటి గట్టితనము లేదు, వాడనిచో జెడును. చదువరులారా, మీ యింట నెవరైన "ఓర్పుగా" నున్నచో, ఆ త్రాడు కొస యెవరి చేతనున్నదో యొకపరి చూడుడు. మేము చూచితిమి. అది మా చేతనే యుండెను. ఆలస్యమైనను, "నీ యిష్టమేమి?" యని ఆమెను ఆనాటి రాత్రియే అడిగితిమి. ఆమె వెంటనే బదులు చెప్పలేదు. తొందరపెట్టు నధికారము మాకు లేదు.